తెర చాటు పేకాటలో తొంగిచూపు
అనుమానం ఒక ఎత్తు, రుజువు ఒక ఎత్తు: బ్రిడ్జి క్లబ్బుల తంటాలు

అరుగు మీద పేకాట సాగుతోందనుకోండి. నలుగురూ ఎదురెదురుగా ఉంటారు. ఒకడు తన జోడీకి కన్ను గీటినా, ముక్కలు పట్టుకున్న వేళ్ళు తేడాగా ఆడించినా పక్కవాడి కంట పడక మానదు. "ఏమిటా సైగలు?" అని నిలదీస్తాడు. ముక్కలు కలిపేసి మళ్ళీ పంచుతారు. గొడవ అక్కడితో సరి.

అదే నలుగురూ నాలుగు ఊళ్ళలో, నాలుగు ఇళ్ళలో, నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుంటే? ఎవరి చెయ్యీ ఎవరికీ కనిపించదు. జోడీలిద్దరూ ఫోనులో మాట్లాడుకుంటున్నారేమో తెలియదు. మొగుడూ పెళ్ళాం ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఆడుతున్నారేమో తెలియదు. 2020 మార్చిలో కరోనా భయంతో ఇంగ్లండు, అమెరికా, ఐరోపా దేశాల్లోని బ్రిడ్జి క్లబ్బులు తలుపులు మూసుకున్నాయి. ఆట కంప్యూటర్లలోకి మారింది. వారానికి రెండు సాయంత్రాలు క్లబ్బుకు వెళ్ళి ఆడుకునే పెద్దవాళ్ళు ఇంట్లోనే తెర ముందు కూర్చుని ఆడసాగారు. కొద్ది వారాలు గడిచాయో లేదో గుసగుసలు మొదలయ్యాయి. "ఫలానా జోడీకి ఈ మధ్య అన్నీ కలిసి వస్తున్నాయేమిటి?"

ఆ గుసగుసను ఏం చేయాలన్నదే క్లబ్బు పెద్దలకు వచ్చిపడ్డ చిక్కు. వింటే ఒక తంటా, వినకపోతే మరో తంటా.

ఇదేం ఆట?

తురుపు ఆటలు ఎరిగినవారికి బ్రిడ్జి పోకడ తేలిగ్గానే బోధపడుతుంది. ఆడేది నలుగురు. ఎదురెదురుగా కూర్చున్నవారు జోడీ. 52 ముక్కలూ పంచితే తలా 13. ముందు పాట ఉంటుంది. చెరువు చేపలకు వేలం పాడినట్లే, ఇస్పేటు తురుపయితే ఇన్ని పట్లు పడతామని ఒకరు, ఆఠీను తురుపయితే ఇన్ని పడతామని మరొకరు పెంచుకుంటూ పోతారు. పాట నెగ్గిన జోడీలో ఒకరే ఆడతారు. ఎదుటి పక్షం తొలి ముక్క వేయగానే రెండోవారు తన 13 ముక్కలనూ బల్ల మీద పరిచేసి ఊరుకుంటారు. ఆ పరిచిన చేతిని డమ్మీ అంటారు. మిగతా ముక్కలు ఎవరి దగ్గర ఏమున్నాయో ఊహించుకోవడంలోనే ఉంది ఆటంతా.

జోడీకి తన చేతిలో ఏముందో తెలియజెప్పడానికి రెండే దారులు. పాటలో చెప్పే మాట ఒకటి, వేసే ముక్క ఒకటి. అంతకు మించి ఏ సైగా పనికిరాదు. గొంతు హెచ్చించడం, తగ్గించడం కూడా కూడదు. ముందుగా మాట్లాడుకుని దొంగ సంకేతాలు పెట్టుకోవడాన్ని మించిన నేరం ఈ ఆటలో లేదని నిబంధనావళిలోనే రాసి ఉంది.

క్లబ్బు పోటీల్లో ఇంకో విశేషముంది. ఒక బల్ల దగ్గర పంచిన చేతులనే మిగతా బల్లల దగ్గరా ఆడిస్తారు. ఒకే చేతితో ఎవరెన్ని పట్లు రాబట్టారో పోల్చి మార్కులు వేస్తారు. మంచి ముక్కలు వచ్చాయన్న అదృష్టం ఇక్కడ చెల్లదు. అయితే ఒక జోడీ దొంగాట ఆడితే, ఆ జోడీతో ఒక్క చెయ్యి కూడా ఆడనివారికి సైతం మార్కులు తగ్గుతాయి. పొరుగు మడిలో గట్టు తెగితే మన మడికీ నీళ్ళు తగ్గినట్లన్నమాట. అందుకే ఈ గొడవ ఇద్దరి మధ్యా ఆగదు, క్లబ్బు మొత్తానికీ పాకుతుంది.

ఆన్‌లైన్ పేకాట అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది డబ్బు పోగొట్టుకుని అప్పులపాలైన కుర్రాళ్ళ సంగతే. అలాంటి ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఈ క్లబ్బుల బ్రిడ్జి ఆ కోవలోది కాదు. నెగ్గినవారికి వచ్చేది మాస్టర్ పాయింట్లు మాత్రమే. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో బ్రిడ్జి కూడా ఉంది. అందులో మన దేశానికి బంగారు పతకం తెచ్చినవారు ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్. అప్పటికి ఒకరికి 60 ఏళ్ళు, మరొకరికి 56.

మరి పైసా రాని ఆటలో దొంగతనం దేనికంటారా? ఊరి బడిలో పద్యాల పోటీకి కూడా కాపీ చీటీ పట్టుకెళ్ళేవాడుంటాడు కదా! పేరు కోసం. నలభై ఏళ్ళుగా ఆడుతూ చివరి వరుసలోనే ఉండిపోయామన్న దిగులుతో కొందరు. ఎవరూ చూడడం లేదు కదా అన్న ధీమాతో మరికొందరు.

కన్నం ఎక్కడ?

కంప్యూటరు ఆటలో కొన్ని తప్పులకు అసలు చోటే లేదు. వరస తప్పి ముక్క వేయబోతే యంత్రం ఒప్పుకోదు. చేతిలో రంగు ఉంచుకుని లేదనడం కుదరదు. ముక్కలు పిసకడంలో, కోయడంలో మోసానికి తావు లేదు. యంత్రమే పంచుతుంది.

కన్నం మరో చోట పడింది. ఆటను చూసేవారి కోసం ఒక సదుపాయం ఉంది. పేరు నమోదు చేసుకున్న ఎవరైనా బల్ల పక్కన చేరి నలుగురి ముక్కలూ చూస్తూ కూర్చోవచ్చు. గట్టి ఆటగాళ్ళ వెనక కూర్చుని ఆట నేర్చుకోవడం బ్రిడ్జిలో పాత అలవాటే. కొందరు ఏం చేశారంటే, ఒక పేరుతో ఆడుతూ, మరో దొంగ పేరుతో అదే బల్ల దగ్గర ప్రేక్షకుడిగా చేరారు. ఒక తెర మీద తన ముక్కలు, ఇంకో తెర మీద అందరివీ.

ఇది చిన్నాచితకా ఆటగాళ్ళ పని అనుకుంటే పొరపాటు. పోలండు జట్టు 2019లో ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులోని మిహాల్ నొవొసాద్జ్కీ 2020లో తాను ఇలాగే ఇతరుల ముక్కలు చూశానని స్వయంగా ఒప్పుకున్నాడు. ప్రపంచం మెచ్చిన ఆటగాడికి దొడ్డిదారి దేనికో! ఆ వార్త విన్న చిన్న క్లబ్బుల్లో మాత్రం ప్రతివాడూ పక్కవాడిని అదోలా చూడడం మొదలుపెట్టాడు.

బొమ్మా బొరుసా

అనుమానం ఎలా పుడుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఎదుటి పక్షం పాట నెగ్గింది, ఇస్పేటు తురుపు. తొలి ముక్క వేయాల్సిన ఆవిడ దగ్గర డైమన్ రాజు ఉంది. దానికి తోడు ఒకే ఒక చిన్న డైమన్ ముక్క. అలాంటి రాజును తొలి ముక్కగా మామూలుగా ఎవరూ వేయరు. ఆవిడ వేసింది. తీరా చూస్తే ఆసూ రాణీ రెండూ ఆవిడ జోడీ దగ్గరే ఉన్నాయి. టపటపా పట్లు రాలాయి. ఓడినవారి కడుపు మండుతుంది. "చూడకుండా ఆ ముక్క ఎలా వేసింది?" అంటారు.

ఆవిడను అడిగితే కదా తెలిసేది! జోడీ పాటలో డైమన్ పిలిచి ఉంటే ఆ రంగు వేయడం సహజమే. మిగతా మూడు రంగుల్లో ఏది వేసినా నష్టమని లెక్క వేసి ఉండవచ్చు. లేదా ఆట సరిగా రాక వేసిందే కలిసి వచ్చి ఉండవచ్చు. కొత్తవాళ్ళు తెలియక వేసిన ముక్క పండితుడి ముక్కలా పని చేయడం పేకాటలో రోజూ చూసేదే.

ఇక్కడే లెక్క తెలియాలి. ఒక రంగులో రాణి కనిపించడం లేదనుకోండి. అది ఎడమ చేతి వాడి దగ్గరుందా, కుడి చేతి వాడి దగ్గరుందా? గుడ్డిగా చెబితే సగానికి సగం. ఒకాయన వరసగా పదిసార్లు సరిగ్గా చెప్పాడు. ఊహతోనే పదికి పది సరిపోవడం 1024లో ఒకసారి జరిగే పని. "ఇంకేం, దొరికాడు దొంగ" అనాలనిపిస్తుంది. కాని జిల్లాలో వెయ్యి మంది చెరో రూపాయి బిళ్ళ పదిసార్లు ఎగరేస్తే, వారిలో ఒకరికి పదిసార్లూ బొమ్మే పడినా వింతేమీ లేదు. ఆ ఒక్కడూ దొంగా? వెయ్యి మందిలోంచి వెతికి వెతికి అతడిని పట్టుకొచ్చి "చూశారా" అంటే అది రుజువు కాదు. పైగా గట్టి ఆటగాడు గుడ్డిగా చెప్పడు. పాటలో ఎవరేమన్నారో, ఎవరు ఏ రంగు వేయలేకపోయారో గుర్తుంచుకుని చెబుతాడు. అతడికి సగం కంటే ఎక్కువే సరిపోతాయి.

ఒక్కరికి 13 ముక్కలు ఎన్ని రకాలుగా రావచ్చంటే 63,501 కోట్ల పైచిలుకు. ఇన్ని రకాల చేతుల్లో వింతలు జరగకపోతేనే వింత.

మంచి క్లబ్బులు అందుకే ఒకటి రెండు చేతులు చూసి తీర్పు చెప్పవు. కంప్యూటరు ఆటలో ఒక మేలుంది. దొంగకు కన్నం ఇచ్చిన యంత్రమే జాడను కూడా దాచి ఉంచుతుంది. ఎవరు ఏ క్షణాన ఏ మాట పాడారో, ఏ ముక్క వేశారో అంతా నిలిచి ఉంటుంది. నెలల తర్వాత కూడా తీసి చూడవచ్చు. నాలుగు చేతులూ తెరిచి ఉంచితే ఏ ముక్కకు ఎన్ని పట్లు వస్తాయో లెక్క కట్టే పద్ధతి ఉంది. దాన్ని డబుల్ డమ్మీ అంటారు. ఒక మనిషి వందలాది తొలి ముక్కలను ఆ లెక్కతో పోలిస్తే, అతడు మామూలు మనుషుల్లా తప్పులు చేస్తున్నాడా, ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళ కన్నా తక్కువ తప్పులు చేస్తున్నాడా అన్నది తేలుతుంది. బల్ల మీద ఆడిన రోజుల్లో చివరి వరుసలో ఉన్న మనిషి తెర ముందుకు రాగానే మేటిని మించిపోతే, అప్పుడు అడగవలసిందే.

దొంగను పట్టించేది గెలిచిన చేతులే కాదు. మంచి ముక్కలుండీ పాటలో ఊరకే తగ్గిపోయిన చేతులు ఇంకా బాగా చెబుతాయి. ముక్కలు ఎదురు తిరిగి ఉన్నాయని ముందే తెలిసినవాడు గాని అలా తగ్గడు.

పాత కథలు

అనుమానం ఎంత దూరం పోతుందో చెప్పడానికి బ్రిడ్జిలో పాత కథలు చాలా ఉన్నాయి. 1965లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. బ్రిటన్ జోడీ టెరెన్స్ రీస్, బోరిస్ షాపిరోలు ముక్కలు పట్టుకున్న వేళ్ళతో ఆఠీన్లు ఎన్నున్నాయో చెప్పుకుంటున్నారని అమెరికా ఆటగాళ్ళు ఆరోపించారు. ప్రపంచ సమాఖ్య దోషులేనంది. లండనులో సర్ జాన్ ఫాస్టర్ నడిపిన విచారణ నెలల తరబడి సాగి, సందేహానికి తావు లేకుండా రుజువు కాలేదని 1966లో తేల్చింది. ఒకే జోడీ, రెండు తీర్పులు. బ్రిడ్జి లోకం నేటికీ రెండుగా చీలి వాదించుకుంటూనే ఉంది.

1975లో బెర్ముడాలో ఇటలీ ఆటగాడు ఫక్కీని బల్ల కింద తన జోడీ జుకెల్లి కాళ్ళు తొక్కుతున్నాడని గొడవ. గట్టిగా మందలించి వదిలేశారు. బల్ల కింద అడ్డు పెట్టించారు. ఆ ఏడు కప్పు ఇటలీకే దక్కింది.

2015లో నార్వే ఆటగాడు బోయె బ్రోగెలాండ్ తన పాత జట్టులోని ఇజ్రాయెల్ జోడీ మీదే ఆరోపణ చేశాడు. వాళ్ళతో కలిసి గెలిచిన బిరుదులు తనకొద్దని వదులుకున్నాడు. ఆటల వీడియోలు బయట పెడితే దేశదేశాల వారు కూర్చుని చూశారు. ముక్కల పలకను బల్ల మీద ఎక్కడ పెడుతున్నారన్నదే సంకేతమని స్వీడన్ ఆటగాడు ఒకరు గుర్తించారు. ఆ జోడీకి ఐరోపా సమాఖ్య శిక్ష వేసింది. అదే ఏడు ఇటలీకి చెందిన ఫాంతోని, నూనెస్‌ల మీద మరో ఆరోపణ వచ్చింది. ముక్కను నిలువుగా వేయడం, అడ్డంగా వేయడంలో సంకేతం ఉందన్నారు. దీన్ని ముందు కనిపెట్టింది పేరున్న ఆటగాళ్ళు కాదు, నెదర్లాండ్స్‌కు చెందిన ఒక మామూలు క్రీడాకారిణి. వారికీ శిక్ష పడింది. కాని 2018 జనవరిలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం, రుజువు చాలలేదంటూ ఆ శిక్షను కొట్టేసింది. అంతటితో అయిందా? 2021 ఆగస్టులో ఐరోపా జట్ల పోటీ ఆన్‌లైన్‌లో జరిగితే, ఇటలీ జట్టులో ఫాంతోని ఉన్నందుకు మిగతా జట్లన్నీ ఇటలీతో ఆడకుండా మార్కులు వదులుకున్నాయి. కోర్టు వదిలినా కులం వెలివేసినట్లయింది.

ప్రపంచ సమాఖ్యలకే ఇంత తలనొప్పి అయితే, ముప్పై నలభై మంది సభ్యులున్న ఊరి క్లబ్బు సంగతేమిటి? అక్కడ లాయర్లుండరు. నిపుణులుండరు. ఫిర్యాదు చేసినవారూ, ఫిర్యాదుకు గురైనవారూ ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర టీ తాగినవారు.

నోరు మూసి, కళ్ళు తెరిచి

కష్టనష్టాలు పడి క్లబ్బులు నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఆట మధ్యలో తెర మీద "మీరు దొంగాట ఆడుతున్నారు" అని రాయకూడదు. రాస్తే ఆ రాసినవారి మీదే ముందు చర్య. అమెరికా లీగ్ నిబంధనల్లో రుజువు లేని బహిరంగ ఆరోపణే ఒక తప్పు. అనుమానం వచ్చినవారు ఏ రోజు, ఏ నంబరు చెయ్యి, ఏ ముక్క అన్నది రాసి ఒక్క మనిషికే పంపాలి. ఆ పని చూసేవారిని అక్కడ రికార్డర్ అంటారు. ఆయన దాన్ని ఎవరికీ చూపకుండా దాచుకుంటారు. ఒక చీటీ వస్తే అది చీటీ మాత్రమే. వేరువేరు మనుషుల నుంచి, వేరువేరు రోజుల మీద చీటీలు వస్తుంటే పాత ఆటలు తీసి చూస్తారు.

చూడడంలోనూ కిటుకుంది. దొంగ అనుకుని చూస్తే ప్రతి ముక్కా దొంగ ముక్కలాగే కనిపిస్తుంది. అందుకని తెలిసినవారు పేర్లు చెరిపేసిన చేతులను, మరో నాలుగు జోడీల చేతులతో కలిపి, ఊరికి సంబంధం లేని గట్టి ఆటగాడికి ఇస్తారు. ఇందులో ఎవరిదైనా తేడాగా ఉందా అని అడుగుతారు. ఆయన వేలు కూడా అదే జోడీ మీద పడితే అప్పుడు సంగతి వేరు. సరిపోయిన ముక్కలనే కాదు, బెడిసికొట్టిన ముక్కలనూ లెక్కలోకి తీసుకోవాలి. ఫిర్యాదుదారు తెచ్చేవి ఎప్పుడూ సరిపోయినవే.

ఆ తర్వాత మనిషిని పిలవాలి. నలుగురిలో కాదు, ఒంటరిగా. "మీరు మోసం చేశారా?" అని కాదు, "ఈ చేతిలో ఈ ముక్క వేయడానికి కారణం చెప్పగలరా?" అని. సగం అనుమానాలు ఇక్కడే తేలిపోతాయి. భర్త పాత ఆటగాడు, భార్య కొత్తగా నేర్చుకుంటోంది, పక్కగదిలోంచి ఆయన "అబ్బా" అని నిట్టూర్చాడు. అది తప్పే, కాని దొంగతనం కాదు. చూపు తగ్గిన పెద్దాయనకు మనవడు ముక్కలు చదివి చెబుతుంటాడు. అదీ దొంగతనం కాదు, ముందే చెప్పి ఉండాల్సింది, అంతే. నిజంగా తొంగి చూసినవారు కూడా చేతులు ముందు పెట్టి మెల్లగా అడిగితే ఒప్పుకున్న సందర్భాలున్నాయి. కేకలేస్తే ఎవరూ ఒప్పుకోరు.

తప్పు తేలితే క్లబ్బు తన ఆటలకు రానివ్వకుండా ఆపవచ్చు. అంతకు మించిన శిక్షలు పై సమాఖ్య పని. వారు నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి, అప్పీలుకు అవకాశమివ్వాలి.

ఈ పద్ధతిలో ఒక పుల్ల మాత్రం విరగదు. అంతా గోప్యమే కాబట్టి ఫిర్యాదు చేసినవారికి ఏ జవాబూ రాదు. మూడు నెలలు గడుస్తాయి. అదే జోడీ అదే బల్ల దగ్గర నవ్వుతూ ఆడుతుంటుంది. విచారణ జరిగిందా, జరిగి నిర్దోషులని తేలిందా, అసలు కాగితం బుట్టలో పడిందా తెలియదు. విసిగిపోయి నిజాయితీపరులే మానేస్తారు. పేర్లు చెప్పకపోయినా, "మీరు పంపినది చూశాం, ఇంతమంది చేత చూపించాం, ముగిసింది" అని ఒక్క మాట రాయడానికి క్లబ్బులకు వచ్చే నష్టమేమీ లేదు. చాలాచోట్ల ఆ మాటే రావడం లేదు.

ఇంకో గుట్టు రాజీ కూడా నడుస్తుంది. తప్పు ఒప్పుకున్నవారిని "ఆరోగ్యం బాగాలేక విరమించుకుంటున్నాను" అని రాయించి సాగనంపడం. పరువు దక్కిందని ఒకరంటారు. ఆయన మరో క్లబ్బులో చేరి మళ్ళీ అదే పని చేస్తే ఎవరు పూచీ అని ఇంకొకరంటారు. రెండో మాటే సబబుగా తోస్తుంది.

అనుమానం పుట్టకముందే కట్టు కట్టే క్లబ్బులూ ఉన్నాయి. ఒకే ఇంటి జోడీలను వేరువేరు గదుల్లో కూర్చోమంటాయి. 2020లోనే ఇంగ్లండులో రియల్‌బ్రిడ్జ్ అనే వేదిక వచ్చింది. అందులో నలుగురి ముఖాలూ కనిపిస్తాయి, మాటలూ వినిపిస్తాయి. కూడబలుక్కోవడం అక్కడ కొంచెం కష్టం.

ప్రేక్షకుల తలుపును చాలా పోటీల్లో మూసేశారు. దొంగ పేరుతో తొంగిచూసే దారి పోయింది. దాంతోపాటు గట్టి ఆటగాడి వెనక నిశ్శబ్దంగా కూర్చుని, ఆయన ఏ ముక్క ఎందుకు దాచాడో చూసి నేర్చుకునే కొత్తవాడి దారీ పోయింది. ఆట అయ్యాక నిలవ ఉన్న చేతులు తీసి చూసుకోవాల్సిందే.